రవ్వ పొట్లంతో సికింద్రాబాద్

డిసెంబరులో సికింద్రాబాదు వెళ్దామనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలి. అక్కడ ఆ నెలలో పండగంటే ఒకటి కాదు. ఒక హాల్లో కచేరీలు, ఒక మైదానంలో జానపద కళల మేళా, ఇంకోచోట నాటకాలు, సందుసందునా చర్చిల్లో క్రిస్మస్ పాటలు. అన్నీ ఒకే వారంలోనే, అన్నీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే. ఏది చూస్తే ఏది పోతుందో తెలియక మనిషికి మతి పోతుంది. నాకు పోయింది. అయినా మళ్ళీ వెళ్ళమంటే ఇవాళే సంచీ సర్దుతాను.

మాది తణుకు. నేను ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు విశ్వనాథం గారు కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేశారు. అది జీతం కోసం. ప్రాణం మాత్రం మృదంగం మీదే ఉండేది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన వాయించని దసరా పందిరి లేదు, ఆయన పక్కన నిలబడని హరిదాసు లేడు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున్న కాఫీ గ్లాసు ఎడమచేతిలోంచి జారి పడింది. పక్షవాతం అన్నారు. దేవుడి దయవల్ల మాట వచ్చింది, నడక వచ్చింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం సగమే వచ్చాయి.

"వాయిస్తూ ఉండండి, అదే మందు" అన్నాడు డాక్టరు. ఈయన ఇంటికొచ్చి మృదంగానికి గలీబు తొడిగించి అటక ఎక్కించేశారు. "సగం చేత్తో వాయించి అభాసుపాలవమంటావా?" అన్నారు నా మీద కళ్ళెర్రజేసి. అక్కడితో ఆగితే బాగుండేది. రేడియోలో కచేరీ వస్తే కట్టేయడం మొదలుపెట్టారు. గుడి మైకులో కీర్తన వినిపిస్తే కిటికీ మూసేవారు. వాయించకపోతే పోనీ అనుకున్నాను. వినడం కూడా మానేస్తే ఆయన ఆయన కాకుండా పోతారేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే ఈ ప్రయాణం వేశాను.

ఆయనతో మాత్రం అలా చెప్పలేదు. "ఎస్తేరు రమ్మని ప్రాణం తీస్తోందండీ, ఒక్కదాన్నీ రాత్రి రైల్లో ఎలా వెళ్ళను?" అన్నాను. ఎస్తేరు నాతోపాటు టీచరు ట్రైనింగు చేసిన స్నేహితురాలు. గుంటూరు పిల్ల. పెళ్ళయి సీతాఫల్‌మండి వెళ్ళి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే రిటైరై, ఇప్పుడు వాళ్ళ చర్చిలో పాటల బృందాన్ని నడుపుతోంది. ఏ పండగ ఎక్కడో అన్ని కరపత్రాలూ ఫొటోలు తీసి ఫోన్లో పంపింది. నేను పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసి, కచేరీకి పసుపు, మేళాకి ఆకుపచ్చ, నాటకాలకి ఎరుపు, చర్చికి నీలం వేశాను. శనివారం సాయంత్రం గడిలో నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి పడి బురదలా తేలాయి. చూసి ఆయన, "ఇదేం ప్రయాణమే, కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకోవడానికా?" అన్నారు. వస్తానని మాత్రం అన్నారు. నాకదే చాలు.

స్టేషన్ బయట చాయ్

సికింద్రాబాదులో దిగేసరికి తెల్లారుతోంది. చలి మా ఊరి చలిలా తడిగా ఉండదు, పొడిగా ఉండి చెవుల దగ్గర గిల్లుతుంది. స్టేషన్ ఎదురుగా ఒక హోటల్లో ఇరానీ చాయ్ తాగాం. మా దగ్గర టీ అంటే కళ్ళముందు మరగాలి, వడకట్టాలి. ఇక్కడ చాయ్ ఎక్కడో లోపల తయారై, పాలు ఎక్కడో లోపల చిక్కబడి, రెండూ కప్పులో కలుస్తాయి. కప్పు ఇరవై రూపాయలు. ఉస్మానియా బిస్కెట్టు ముంచి తినాలట. మావారు ఎక్కువసేపు ముంచారు, అది కాస్తా కరిగి అడుక్కి పోయింది. "ఇదీ అంతే" అన్నారు. అప్పట్లో ఆయనకి ఏది పోయినా ఇదీ అంతే అనడం అలవాటైపోయింది.

ఎస్తేరు ఆటో తీసుకొచ్చింది. నన్ను చూడగానే, "ఏందే జానకీ, గిట్ల చిక్కిపోయినవ్? అన్నయ్యగారూ, మీరు దీనికి తిండి పెడ్తలేరా?" అని అక్కడే రోడ్డు మీద వాటేసుకుంది. గుంటూరు యాస ఎటు పోయిందే అంటే, "నలభై ఏండ్లాయె, ఇంకా ఉంటదా? కోపమొస్తే మాత్రం గుంటూరే వస్తది" అని నవ్వింది.

వాళ్ళిల్లు సీతాఫల్‌మండిలో ఒక సన్నటి సందులో ఉంది. ఎదురింటి వాళ్ళ కుక్కరు కూత ఇక్కడికి వినిపిస్తుంది, వీళ్ళు కూరలో ఏం వేశారో అక్కడ తెలిసిపోతుంది. బాల్కనీల్లో కాయితం నక్షత్రాలు వేలాడదీశారు. పక్కింటి గడపకి పసుపు, ఈ ఇంటి గుమ్మానికి నక్షత్రం. ఒకరి ఇంటి పిండివంటలు ఇంకొకరి ఇంటికి పళ్ళాల్లో వెళ్తూనే ఉన్నాయి.

నేను సంచీ విప్పి బట్టలు తీస్తుంటే అడుగున పొట్లం ఒకటి బయటపడింది. బొంబాయి రవ్వ. గబుక్కున బట్టల కింద దాచబోయాను.

ఇది కొంచెం చెప్పాలి. మృదంగానికి ఎడమవైపు మూతని తొప్పి అంటారు. కచేరీకి కూర్చునే ముందు దాని మధ్యలో తడిపిన రవ్వ ముద్ద అంటిస్తేనే గంభీరంగా 'తోం' అని పలుకుతుంది. కచేరీ అయ్యాక గీకేయాలి. మళ్ళీ కచేరీకి మళ్ళీ కొత్త రవ్వ. పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు అప్పజెప్పిన పని అది. రవ్వ ఎంత, నీళ్ళు ఎన్ని, ఎంత మెదపాలి, ఎంత పలచగా అద్దాలి, అంతా నా చేతికి వచ్చేసింది. ఆయనతో ఏ ఊరు బయల్దేరినా సంచీలో ముందు పడేది రవ్వ పొట్లమే. ఈసారీ చెయ్యి దానంతట అది సర్దేసింది.

ఆయన చూశారు. మొహం నల్లబడింది. "ఇదెందుకు తెచ్చావు?"

"ఉప్మాకండీ" అన్నాను.

"సికింద్రాబాదులో రవ్వ దొరకదా?"

"మన ఊరి రవ్వ వేరు కదా" అన్నాను. అబద్ధం ఆడటం నాకు ఏనాడూ చేతకాదు. ఆయన వెళ్ళి ముందుగదిలో కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే, "ఎస్తేరు గారూ!" అని కేక పెట్టారు.

ఏమైందోనని ఇద్దరం పరుగెత్తాం. గది మూల నిలువుగా ఒక మృదంగం, దాని మీద జేగురు రంగు పూలకుండీ, కుండీలో మనీప్లాంటు.

"అది మా మావగారిది అన్నయ్యగారూ. గుడిల కీర్తనలకి వాయించేటోడు. ఆయన పోయినంక ఎవరికీ రాదాయె. ఊకె ఉంటదని..."

"మృదంగం మీద పూలకుండీనా అమ్మా!"

ఆయనే లేచి, కుడిచేత్తో కుండీ ఎత్తి కిందపెట్టి, భుజం మీది తువ్వాలుతో మూత మీద నీటి మరక తుడిచారు. తుడుస్తూ తుడుస్తూ ఠక్కున ఆగి, తువ్వాలు దులుపుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఎస్తేరు నా మొహం చూసింది. నేను తర్వాత చెప్తానన్నట్టు తలూపాను.

బేగంపేట మైదానంలో

మొదటి సాయంత్రం ఆకుపచ్చ గడి. మేళా బేగంపేట దగ్గర ఒక మైదానంలో జరుగుతోంది. మెట్రోలో వెళ్ళాం. ఆఫీసులు వదిలే వేళ కావడంతో మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఎవరి చెవుల్లో వాళ్ళకి పాట ఉంది. అయినా ఒకమ్మాయి మావారి చెయ్యి చూసి లేచి, "కూసోండ్రి అంకుల్" అంది. ఆయనకి ఎవరైనా చోటిస్తే చిన్నతనం. కానీ అమ్మాయి అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది.

మేళాలో సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు. ముక్క నలభై రూపాయలు. మా తప్పాలచెక్కకి పెద్దక్కలా ఉంది, కాస్త కారం మనిషి. అమ్మే ఆవిడ నన్ను చూసి, "నీళ్లు తాగుడు కాదమ్మా, ఇంకో ముక్క తిను, కారం అదే పోతది" అంది. ఆ వైద్యం పనిచేయలేదు.

వేదిక మీద డప్పుల వాళ్ళు వచ్చారు. చలికి బిగువు తగ్గుతుందని మైదానం మూల ఎండుగడ్డి మంట వేసి డప్పుల్ని కాచుకున్నారు. మావారు అది కన్నార్పకుండా చూశారు. తర్వాత కథ చెప్పేవాళ్ళ బృందం వచ్చింది. వాళ్ళకి డోలక్ వాయించిన మనిషి బక్కపలచగా, గళ్ళ మఫ్లరుతో ఉన్నాడు. కూర్చున్నచోట కూర్చోకుండా వాయిస్తున్నాడు. నేను వేదిక వైపు చూడటం మానేసి మావారి కుడిచెయ్యి చూశాను. మోకాలి మీద వేళ్ళు కదులుతున్నాయి. నేను చూస్తున్నానని తెలియగానే చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

ఎస్తేరుకి ఆ డోలక్ మనిషి తెలుసు. పేరు రాజేందర్. చిలకలగూడలో జిరాక్స్ షాపు నడుపుతాడు. కిందికి దిగి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"డిసెంబర్ల నా బతుకు గింతే సార్. ఈడ మేళా, రేపు నాటకం, ఎల్లుండి ఎస్తేర్ మేడం వాళ్ల చర్చి. నా భార్య అయితే, మొగుడు కావాల్నంటే డోలక్ కొనుక్కోవాలె అంటది."

"శనివారం ఆరింటికి మా గుడిల ఉండాలె రాజేందర్, మరువకు" అంది ఎస్తేరు.

"మరుస్తనా మేడం? మస్తు యాదికున్నది."

శనివారం గడి బురద రంగు నాకు గుర్తొచ్చింది.

తని మొదలైతే దోసెలు

రెండోరోజు పసుపు గడి, ఎరుపు గడి కలిసి వచ్చాయి. పద్మారావు నగర్‌లో ఒక సభవారి సంగీతోత్సవం. కచేరీ సగం విని నాటకానికి పరుగెత్తాలని నా ప్లాను. మావారు బయల్దేరేముందే మొరాయించారు. "నాటకానికైతే వస్తాను, కచేరీకి రాను." ఎస్తేరు ఊరుకుంటుందా? "నాకు మీ సంగీతం తెల్వది అన్నయ్యగారూ. పక్కన కూసోని జెర చెప్తే సమజైతది" అని మొహమాటంలో పడేసింది. అమ్మయ్య అనుకున్నాను.

హాలు బయట క్యాంటీన్ ఉంది. నెయ్యి వాసనకి కడుపులో పిల్లులు అరిచాయి. లోపల పాటగాడు చిన్నవాడే, బాగా పాడాడు. మృదంగం ఒక ముప్పై ఏళ్ళ అమ్మాయి వాయించింది. ఆకుపచ్చ పట్టుచీర, ముక్కుపుడక. బేగంపేటలో ఏదో ఆఫీసులో ఉద్యోగమట, అటునుంచి అటే వచ్చి చీర మార్చుకుందట. నా పక్కావిడ అంతా చెప్పేసింది.

పెద్ద కీర్తన అయ్యాక పాటగాడు ఆగి చేతులు కట్టుకున్నాడు. ఇక మృదంగం ఒక్కటే వాయించాలి. దాన్నే తని అంటారు. మావారు ఒళ్ళు వంచి సాధన చేసేది దీనికోసమే. జనం లేచేదీ అప్పుడే. మా వైపు బజ్జీలకి లేస్తారు, ఇక్కడ దోసెలకి లేచారు. అంతే తేడా.

"రాండ్రమ్మా, తని షురూ అయింది. మళ్ల దోసెలు అయిపోతయ్" అని పక్కావిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు నిజంగానే ఆకలి. మావారి వైపు చూశాను. ఆయన ఖాళీ అవుతున్న కుర్చీల్ని చూస్తున్నారు. ముందు వరుసలు ఒక్కొక్కటే ఊడ్చినట్టయిపోతున్నాయి. ఆ అమ్మాయి తలొంచుకుని వాయిస్తోంది.

మావారు లేచారు. వెళ్ళిపోతారేమోనని నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన నేరుగా ముందు వరుసలోకి వెళ్ళి, ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని, కుడి తొడ మీద అందరికీ కనపడేలా తాళం వేయడం మొదలుపెట్టారు. అమ్మాయి తలెత్తింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ తల దించలేదు. ఆ కష్టమైన లెక్కలన్నీ ఆయన చేతినే చూస్తూ వాయించి, ముగింపు దగ్గర ఇద్దరూ ఒక్కసారే తలూపారు. నేనూ ఎస్తేరూ చప్పట్లు కొట్టాం. మాతో కలిపి ఓ పదిమంది ఉంటారేమో.

కచేరీ అయ్యాక ఆ అమ్మాయి వచ్చి కాళ్ళకి దండం పెట్టింది. "మీరు తాళమేస్తుంటే జెర ధైర్యమొచ్చింది సార్. లేకుంటే కుర్చీలకే వాయిస్తున్న అనిపిస్తది. మీరు సుత వాయిస్తరా?"

"వాయించేవాణ్ణి తల్లీ" అన్నారు.

ఆ 'వాయించేవాణ్ణి' దగ్గర నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చీకట్లో ఎవరూ చూడలేదు. దోసెలు నిజంగానే అయిపోయాయి. పరుగున నాటకానికి వెళ్తే సగం కథ అయిపోయింది, ఎవరు ఎవరికి తండ్రో చివరిదాకా తెలియలేదు. తెర పక్కన డోలక్ మాత్రం గుర్తుపట్టాం, గళ్ళ మఫ్లరు. మావారు రెండేళ్ళ తర్వాత మొదటిసారి బయటికి వినపడేలా నవ్వారు. "వీడికి నీకంటే పెద్ద క్యాలెండరు ఉందే" అన్నారు.

మనీప్లాంటు కిందకి దిగాక

శనివారం పొద్దున్న వంటింట్లో నేనూ ఎస్తేరూ కేకు కోసం ఎండుద్రాక్షకి తొడిమలు తీస్తుంటే, ముందుగదిలోంచి టక్, టక్ అని చప్పుడు. తొంగి చూశాను. మావారు ఆ మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని అంచు మీద రాయితో కొడుతున్నారు. శ్రుతి చేయాలంటే ఒక చేత్తో అంచు మీద కర్రపుల్ల పట్టుకోవాలి, రెండో చేత్తో దాని మీద రాయితో కొట్టాలి. ఎడమచేతిలో పుల్ల నిలవక జారిపోతోంది. వంగి తీస్తున్నారు, పెడుతున్నారు, జారుతోంది.

ఎస్తేరు వెళ్ళబోతే ఆపాను. కాసేపటికి ఆయనే కేకేశారు, నా వైపు చూడకుండానే. "జానకీ. ఈ పుల్ల పట్టుకో."

పట్టుకున్నాను. మూత చుట్టూ ఒక్కో చోటా నేను పట్టుకోవడం, ఆయన కొట్టడం, కుడిచేతి వేలితో మీటి వినడం. ఏళ్ళ తరబడి పూలకుండీ మోసిన తోలు కదా, ముందు చచ్చినా పలకలేదు. ఎండ గోడ దిగేవేళకి సన్నగా పలికింది.

"వాయించడానికి కాదు" అన్నారు నేనేమీ అడక్కుండానే. "శ్రుతి తప్పిన వాద్యం ఉన్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

"నేనేమన్నానూ?" అన్నాను.

ఆ రాత్రి సభలో పెద్ద విద్వాంసుడి కచేరీ. ఈ ప్రయాణం మొత్తంలో మావారి పేరు మీద నేను గీసిన గడి అదొక్కటే. నిన్నటి తని తర్వాత ఆయన కూడా "దానికి మాత్రం ముందే వెళ్ళాలి, చోటు దొరకదు" అన్నారు. ఎస్తేరు వాళ్ళ చర్చిలో పాటలు అదే వేళకి. అందుకని ముందు చర్చిలో కాసేపు కూర్చుని, వాళ్ళ మొదటి పాట వినేసి ఆటో ఎక్కేద్దామనుకున్నాం.

సీతాఫల్‌మండి గుడిలో

వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి, కింద చాపలు పరిచి, గోడవారగా పెద్దవాళ్ళకి కుర్చీలు వేసి ఉన్నాయి, ఆడవాళ్ళంతా కొంగు నెత్తిన కప్పుకున్నారు. ఎస్తేరు బృందం పాడబోయేది పాత తెలుగు కీర్తన. ఆవిడ చేతిలోని పాటల పుస్తకంలో ఆ కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉన్నాయి. మావారు అది చూసి ఆశ్చర్యపోయారు. "ఇది మన ఆదితాళమే కదమ్మా!"

"మరేమనుకున్నరు? మా మావగారు గిందుకే మృదంగం నేర్చుకున్నడు."

అంతలో ఆవిడ ఫోను మోగింది. రాజేందర్. స్పీకరులో మాకూ వినిపించింది. "మేడం, మస్తు పరేషాన్ల ఉన్న. మేళా ముగింపు ఇయ్యాల్నే పెట్టిండ్రు. ముఖ్య అతిథి ఇంకా రాలే, నన్ను ఇడిస్తలేరు. మాఫ్ చెయ్యుండ్రి మేడం." వెనకాల డప్పులు మోగుతున్నాయి.

ఎస్తేరు ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. నెల రోజుల సాధన. బృందంలో అందరూ యాభై దాటిన ఆడవాళ్ళే. తాళం చెప్పే వాద్యం లేకపోతే ఒకరు ముందు, ఒకరు వెనకా అయిపోతారు. కీబోర్డు వాయించే అతను "ఫికర్ చెయ్యకుండ్రి ఆంటీ, ఇండ్ల బీట్ ఉంటది" అని ఒక మీట నొక్కాడు. టిక్కు టక్కు టిక్కు టక్కు. కీర్తన ఒక దారి, ఆ మోత ఒక దారి. రెండు లైన్లు పాడి ఆడవాళ్ళు తికమకపడి ఆగిపోయారు.

మావారు కుర్చీలో కదిలారు. ఆటో కోసం లేస్తున్నారనుకున్నాను. "ఆ పెట్టె మోత ఆపమనండి" అన్నారు. ఆయన గొంతు నాకు తెలుసు. కుండీ చూసినప్పటి గొంతు. "ఇల్లు పక్క సందే కదా. ఆ మృదంగం తెప్పించండి."

తెచ్చారు. ఆయన చాప మీద కూర్చుని ఒళ్ళోకి తీసుకున్నారు. కుడివైపు మీటారు, పలికింది. ఎడమ చెయ్యి తొప్పి మీద పెట్టారు. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. దెబ్బ పడింది కానీ శబ్దం రాలేదు. గుడి నిండా జనం చూస్తున్నారు. ఆయన నుదుట చెమట పట్టింది. ఇక లేచి వెళ్ళిపోతారు, జన్మలో మళ్ళీ మృదంగం మొహం చూడరు అనుకున్నాను. ఇంత దూరం తీసుకొచ్చి నా చేతులతో నేనే చెడగొట్టానే అని కుమిలిపోయాను.

"రవ్వ లేదు కదండీ దానికి" అన్నాను. నోటికి వచ్చింది అదే. "రవ్వ లేకపోతే ఎవరు కొట్టినా పలకదు."

ఆయన నా వైపు చూశారు. నేను చేతిసంచీలోంచి పొట్లం తీశాను. అది పొద్దున్న ఎస్తేరు బల్ల మీద కనిపిస్తే సంచీలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానంటే ఇప్పటికీ చెప్పలేను. మంచినీళ్ళ గ్లాసులోంచి చుక్కలు చల్లి, అరచేతిలో మెదిపి, తొప్పి మధ్యలో అద్దాను. చెయ్యి మరిచిపోలేదు. ఎలా పలుకుతుందో చూద్దామని ఎప్పటిలాగే ఒక్క దెబ్బ వేశాను.

తోం.

గుడి పైకప్పు దాకా వెళ్ళింది. మావారు తొప్పి వైపు వంగి చూశారు. తర్వాత మెల్లిగా, "నువ్వు అక్కడే కూర్చో" అన్నారు. "నేను కుడి వాయిస్తాను. నువ్వు ఎడమ."

"నాకేం వచ్చండీ?"

"ముప్పై ఏళ్ళు వంటింట్లోంచి విన్నావు. రాకపోతే ఎలా? నా తల చూడు. ఊపినప్పుడు వెయ్యి."

అలా మొదలైంది. ఎస్తేరు కళ్ళు తుడుచుకుని గొంతెత్తింది, ఆడవాళ్ళు అందుకున్నారు. ఆయన కుడిచెయ్యి నడిచింది, తల ఊగింది, నేను వేశాను. మొదటి చరణంలో రెండుచోట్ల తొందరపడ్డాను. ఒకచోట ఆయన కళ్ళతోనే తిట్టారు. ముందు వరుసలో ఒకావిడ కిసుక్కుమంది. రెండో చరణానికి తల చూడటం మానేశాను. ఎక్కడ పడాలో నాకే తెలుస్తోంది. ఏ దసరాకో ఏ పందిట్లోనో విన్నదంతా చేతిలో ఎక్కడుందో అక్కడినుంచి వచ్చింది. ఆ సంతోషం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

చివరి చరణంలో నా చేతికి ఏదో తగిలింది. చూస్తే ఆయన ఎడమచెయ్యి, నా చేతిని పక్కకి జరుపుతోంది. జరిగాను. పాట చిట్టచివర, తాళం మొదటికి వచ్చేచోట, ఆ చెయ్యి లేచి పడింది. మెత్తగా పలికింది. గుడిలో సగంమందికి వినపడి ఉండదు. నాకు వినపడింది.

"వినపడిందా?" అన్నారు.

"పడిందండీ."

"బాగా పలకలేదు."

"లేదు" అన్నాను. నేను ఆయనకి సంగీతంలో ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆయన ఆ చేతివంక చూసుకుని, పరవాలేదన్నట్టు తలూపారు.

సభలో పెద్ద విద్వాంసుడి కచేరీ ఎలా జరిగిందో మాకు తెలియదు. ఎస్తేరు వాళ్ళు ఇంకో పాట, అక్కడికే పాడటానికొచ్చిన ఇంకో చర్చి వాళ్ళు "మాకు సుత వాయించుండ్రి అన్నా" అని ఇంకో పాట. ఆయన గడియారం వైపు చూడలేదు. చివరిలో మఫ్లరుతో రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు రాజేందర్. మేమిద్దరం ఒకే మృదంగం ముందు కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా భార్యని గూడ తోల్కొస్త సార్ వచ్చే ఏడు" అన్నాడు. అందరికీ కేకు, టీ ఇచ్చారు. నేను గ్లాసు అంచుతో రవ్వ గీకుతుంటే ఆయన పక్కనే కూర్చుని, నాలుగు వేళ్ళని మోకాలి మీద ఒక్కొక్కటే చాపుకుంటున్నారు.

తణుకులో

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఎస్తేరు కట్టిచ్చిన కేకు, సకినాలు రైల్లో అందరికీ పంచాం. ఎదుటి సీటాయన సికింద్రాబాదులో ఏం చూశారని అడిగితే, మావారు "సగం సగం చాలా చూశాం" అన్నారు. మీరు వెళ్తే మాత్రం నాలా రంగులు వేసుకోకండి. ఏ రెండు పండగలు గుద్దుకుంటే ఏది మీ పాలిన పడుతుందో ముందే తెలియదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. అటక కింద స్టూలు జరిపిన చప్పుడు, ఎదురింటి సుబ్బారావుని పిలిచి మృదంగం దింపించిన చప్పుడు విన్నాను. చూడటానికి వెళ్ళలేదు. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"జానకీ, ఇంట్లో రవ్వ ఉందా?"

"ఉప్మాకా?" అన్నాను, వెనక్కి తిరక్కుండా.

"కాదు" అన్నారు.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, పోపు కూడా వేసేశాను. స్టవ్ కట్టేసి రవ్వ డబ్బా తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాను. ఆ పూట ఇద్దరం అటుకులు తిన్నాం.